విమానం పోయేదాకా ఆగిన కూత

కొత్త చెప్పుల దుకాణంలోకి అడుగు పెడితే ముక్కుకు ఒక వాసన తగులుతుంది చూడండి, కబడ్డీ మ్యాట్‌ది అచ్చం అదే వాసన. పోయిన ఆదివారం మా ఊరి గ్రౌండ్‌లో నీలిరంగు పలకలను ఒకదాని పళ్ళలో ఒకటి ఇరికించి పరుస్తుంటే ఆ వాసన గుప్పున లేచింది. అప్పుడే కందుకూరు వైపు నుంచి మొదటిసారి ఆటకు వచ్చిన ఆడపిల్లలు ఆటో దిగారు. మ్యాట్‌ను చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎవరూ చెప్పకుండానే అందరూ కుళాయి దగ్గరికి కాళ్ళు కడుక్కోవడానికి పోయారు. అరటి పండ్ల గంప అక్కడే దించేసి, భుజం మీది తువ్వాల చేతికి తీసుకుని ఆ పిల్లల వైపు పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో చెప్పాలంటే బాలమణి అక్క గురించి చెప్పాలి.

బాలమణి అక్క మా ఇంటి వెనక వీధిలో బట్టలు కుట్టేది. ఇంటి ముందు రేకుల పందిరి, పందిరి కింద కుట్టుమిషను, పక్కన ముక్కు విరిగిన నీళ్ళ కూజా. పెళ్ళికి ముందు కబడ్డీ బాగా ఆడిందట. ఆ సంగతి ఆమె చెప్పుకోలేదు గానీ, ఎడమ చేతి చిటికెన వేలు వంకరగా ఉండేది, అడిగితే "పట్టు పట్టంగ ఇరిగింది" అని నవ్వేది. నేను ఏడో తరగతితో బడి మానేసి ఇంట్లో ఉంటున్న రోజులవి. జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి పోతే, కొలతలు తీసుకుంటూ నా భుజాలు రెండు చేతులతో నొక్కి చూసింది. "ఏం తింటవే నువ్వు? భుజాలు ఎద్దు భుజాలున్నయ్. పొద్దుమీకి గ్రౌండ్‌కు రా" అన్నది. జాకెట్టు ఎప్పుడు ఇస్తావని అడిగితే, "ముందుగాల గ్రౌండ్‌కు రా, జాకెట్టు అదే వస్తది" అన్నది. నా ఆట అట్లా మొదలైంది.

మా ఊరు ఎయిర్‌పోర్టు గోడకు ఆనుకుని ఉంటుంది. విమానం దిగేటప్పుడు మా ఇళ్ళ మీదినుంచే పోతుంది. దాని చప్పుడులో మాట వినబడదు. అందుకే మా ఊళ్ళో అందరికీ ఒక అలవాటు, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతాం, విమానం పోయాక ఆగిన మాట దగ్గరే మళ్ళీ అందుకుంటాం. కొత్త చుట్టాలు వస్తే మాకేదో అయిందనుకుని భయపడతారు. కబడ్డీకి ఇది పెద్ద చిక్కు. గీత దాటి అవతలి జట్టులోకి పోయిన పిల్ల కబడ్డీ కబడ్డీ అని ఆపకుండా కూత పెట్టాలి, కూత తెగితే అవుట్. విమానం నెత్తిమీద ఉంటే కూత తెగిందో లేదో ఎవరికి తెలుస్తుంది? ప్రతిరోజూ లడాయే. అందుకని అక్క మా గ్రౌండ్‌కు ఒక పద్ధతి పెట్టింది. విమానం వస్తే ఆ కూత లెక్కలోకి రాదు. అది పోయేదాకా ఆగాలి, మళ్ళీ మొదటినుంచి కూతకు పోవాలి. పాయింటు వచ్చినా సరే, పోయినా సరే.

మేము ఆడింది మట్టి మీద. పెద్ద రాళ్ళు ఏరేసి, నీళ్ళు చల్లి, సున్నంతో గీతలు గీసుకునేవాళ్ళం. మిగిలిన గుడ్డలతో అక్క మాకు చొక్కాలు కుట్టింది. ఒక్కొక్కరి చేతులు ఒక్కో రంగు. వీపు మీద నంబర్లు తెల్లగుడ్డతో కత్తిరించి అతికించింది. మాకు అవే గొప్ప. అప్పటికి మండలంలో మరో పక్క కథ మారుతోంది. హైవే మీది ఊళ్ళో భూములు ప్లాట్లయ్యాయి. ప్లాట్లు అమ్మే భాస్కర్ అనే ఆయన ఆ ఊరి ఆడపిల్లల జట్టుకు అండగా నిలబడ్డాడు. మ్యాట్ కొన్నాడు, బూట్లు కొన్నాడు, రోజూ గుడ్లు, పాలు, తిరగడానికి వ్యాను. ఆయనను తప్పుపట్టడం లేదు. తన ఊరి పిల్లలు పైకి రావాలనుకున్నాడు, అది మంచిదే. అయితే ఆ జట్టు బాగా ఆడేసరికి మండలం కమిటీ వాళ్ళు ఇకమీదట పోటీలన్నీ మ్యాట్ మీదే అన్నారు. ఆట ఎవరికీ కూలి ఇచ్చేది కాదు, అందరం ఇష్టంతో ఆడేవాళ్ళమే. కానీ మ్యాట్ ఉన్నది మాత్రం ఒక్క ఊరికే.

మేము మొదటిసారి మ్యాట్ చూసింది ఆ ఊళ్ళోనే, పోటీ రోజున. అబ్బ, చెరువు నీళ్ళను పలకలుగా కోసి పరిచినట్టుగా ఉంది. "మట్టికాళ్ళతో ఎక్కొద్దమ్మా" అన్నారు అక్కడెవరో. మేము కుళాయి దగ్గర కాళ్ళు శుభ్రంగా కడుక్కున్నాం. గుడి గడప దాటేటప్పటిలాగా వంగి మ్యాట్‌ను తాకి కళ్ళకద్దుకున్నాం. తడికాళ్ళతోనే ఎక్కాం. మట్టి మీదయితే రెండడుగుల్లో తడి ఆరిపోతుంది, మట్టి తాగేస్తుంది. ఇక్కడ తడి ఎటూ పోలేదు. మొదటి కూతకు పోయిన పిల్ల జర్రున జారి వెల్లకిలా పడింది. ఆమెను లేపడానికి పోయి ఇంకొకతి పడింది. బూట్లు వేసుకున్న అవతలి జట్టు చూసి నవ్వింది, కూర్చున్న జనం నవ్వారు. "ఏందిరా, కబడ్డీనా, జారుడుబండనా?" అని ఎవరో అరిచారు. అక్క భుజం మీద తువ్వాల ఉంది. దానితో తుడవాలని ఆమెకూ తట్టలేదు, ఆమె కూడా మ్యాట్ చూడటం అదే మొదలు. ఆట అయ్యేసరికి మేం ఎంత తేడాతో ఓడామో చెప్పడానికి కూడా సిగ్గే.

తిరిగి వస్తుంటే ఆటోలో అందరం ఏడుస్తున్నాం. అక్కే మాట మొదలుపెట్టింది. "ఎందుకే ఏడుస్తున్నరు? మీ తప్పు కాదు, నా తప్పు గుడ కాదు. ఎన్నడు చూడని దాని మీద ఆడుమన్నరు. ఈత రానోన్ని బావిల నూకి, వీడు సరిగ ఈదలేడంటే ఎట్ల?"

ఆమె ఊరికే ఉండే మనిషి కాదు. కమిటీ మీటింగుకు పోయింది. నన్నూ వెంట తీసుకుపోయింది. కుర్చీలన్నీ మగవాళ్ళవే, మేము తలుపు దగ్గర నిలబడ్డాం. "అన్నా, మ్యాట్ మీద ఆడుమంటే ఆడుతం. గని ఆడే ముందు నేర్చుకోనీకె అందరికి మ్యాట్ దొరకాలె. ఆటకు ముందల వారం మాకియ్యిరి, మల్ల మాది అయినంక ఇంకో ఊరికి పోతది" అన్నది. భాస్కర్ తల అడ్డంగా ఊపాడు. "నేను మా ఊరి పిల్లలకు కొన్న అక్కా. పాడైతే ఎవరు చూస్తరు? మీ ఊర్ల గుడ ఎవరన్న కొనాలె" అన్నాడు. "మ్యాట్ నీదే అన్నా, కాదంటలేను. ఆట గుడ నీదేనా మరి?" అన్నది అక్క. కమిటీ వాళ్ళు ఇంకో సంగతిలోకి పోయారు. చివరికి ఒక్కటి మాత్రం ఒప్పుకున్నారు, వచ్చే ఆట మా ఊళ్ళో, మా మట్టి మీద పెడతామని.

ఇంట్లో మా బాపు ఖరాఖండిగా చెప్పాడు. "అందరు నవ్విన్రు బిడ్డా, నాకు ఇజ్జత్ పోయినట్టయింది. మనూర్ల పెడుతున్నరు గాబట్టి ఈ ఒక్కటి ఆడు. ఓడినవో, ఇగ బంద్." మా జట్టులో ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ అదే మాట. ఆ ఆట ఓడితే జట్టే ఉండదు. ఆ సంగతి అక్కకూ తెలుసు.

ఆ రోజు ఊరంతా గ్రౌండ్ చుట్టూ చేరింది. అవతలి జట్టు బూట్లు విప్పి వట్టి కాళ్ళతో దిగింది. వాళ్ళ కెప్టెన్ పేరు మౌనిక, సన్నగా, పొడుగ్గా, పాములాగా కదిలేది. మొదటి సగంలో మౌనిక కూతకు వచ్చి మాలో ఒకతిని తాకి పోయింది. సరిగ్గా అప్పుడే విమానం. మా పిల్లలందరం చేతులెత్తి అరిచాం, మా గ్రౌండ్ పద్ధతి ఇదీ అని రెఫరీకి చెప్పాం. ఆయన ఒప్పుకున్నాడు. పాయింటు తీసేశాడు. మౌనిక మళ్ళీ కూతకు వచ్చింది, ఈసారి దొరికిపోయింది. మా ఊరు ఎగిరి గంతేసింది.

ఆట చివరికి వచ్చేసరికి ఇద్దరం సమానం. ఆఖరి కూత నాది. గీత దాటాను. కబడ్డీ కబడ్డీ అంటూ ఎడమకు ఊగి, కుడికి తిరిగి, మౌనిక మోకాలు చేతితో తాకాను. నెత్తిమీద చప్పుడు ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. నేను వెనక్కి దూకి గీత ముట్టుకునేసరికి మట్టి కూడా అదురుతోంది. రెఫరీ మా వైపు చెయ్యెత్తాడు. గెలిచాం! మా బాపు ఎవరినో ఎత్తుకుని తిప్పుతున్నాడు. అప్పుడు చూశాను, అక్క గ్రౌండ్ మధ్యలోకి నడిచి వస్తోంది. చెయ్యి పైకెత్తి ఉంది.

"సార్, విమానం పోయింది మీదికెళ్ళి. కూత మీకు ఇనబడ్డదా?"

"లేదమ్మా. కానీ ఆపిందని కూడా చెప్పలేను కదా."

"ఇందాక ఆ పిల్ల పాయింటు గిట్లనే తీసేయించినం సార్. మాకొక పద్ధతి, ఆళ్ళకొక పద్ధతా? మల్ల పొమ్మనుండ్రి."

ఊరంతా ఒక్కసారి భగ్గుమంది. "బాలమణీ, పిచ్చి లేసిందానే?" "నువ్వు ఎవరి దిక్కే?" నేనైతే ఏడుపు ఆపుకోలేక ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, నా కూత తెగలే. ఒట్టు. నాకు తెలుసు."

అక్క నా మొహం తన తువ్వాలతో తుడిచింది. "నాకు గుడ తెలుసే. ఆళ్ళకు తెల్వదు కద. పో, మల్ల ఎయ్యి."

మళ్ళీ పోయాను. మౌనిక నా మడమ పట్టుకుంది, మిగతావాళ్ళు మీద పడ్డారు. ఓడిపోయాం.

జనం తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. మా బాపు నా వైపు చూడకుండానే ఇంటి దారి పట్టాడు. నేను అక్క ఇంటి ముందు కూజా దగ్గర కూర్చుని మోచేతికి తగిలిన దెబ్బ కడుక్కుంటుంటే మౌనిక వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు మట్టిలో వేలితో గీతలు గీసింది.

"అక్కా, నీ కూత తెగలే కదా?" అన్నది.

"తెగలే."

"నాకు ఇనబడ్డది. నీకు దగ్గరున్న కద. చెప్పాలనుకున్న... నోరు రాలే."

నాకు కోపం వచ్చిందా అంటే, వచ్చింది. జుట్టు పట్టుకుందామన్నంత కోపం. వెనక నిలబడ్డ అక్కే అడ్డం వచ్చింది. "ఊకోవే. చెప్పింది కద ఇప్పుడు. గా మాట చెప్పుకోనీకె ఎంత బలం గావాలె!" అని, మౌనిక వైపు తిరిగి, "ఆకలైతుందా బిడ్డా? జొన్న రొట్టె తింటవా?" అన్నది. అంతే, మౌనిక బోరుమని ఏడ్చింది. రొట్టె మాత్రం రెండు తిన్నది.

ఆ పిల్ల ఇంటికి పోయి ఏం చెప్పిందో, ఎట్లా చెప్పిందో తర్వాత మాకు తెలిసింది. భాస్కర్ ముందు నిలబడి, మా ఊరికి కూడా మ్యాట్ ఇయ్యకపోతే ఇంక ఆడనని మొండికేసిందట. ఆమెతో పాటు జట్టు మొత్తం బూట్లు విప్పి ఆయన గడప ముందు పెట్టిందట. వారం తిరగకముందే మా గ్రౌండ్‌కు ట్రాక్టర్ వచ్చింది, ట్రాలీ నిండా నీలం పలకలు. డ్రైవర్ చెప్పాడు, "భాస్కరన్న చెప్పమన్నడు, ఒక్క ముక్క పోయినా ఊకోడంట." అక్క పలకను చేత్తో నిమిరి, "మా పిల్లలనన్న మర్చిపోతం గని దీన్ని మర్చిపోమని చెప్పు" అన్నది.

ఆ సాయంత్రం అన్నం తింటూ బాపు నా వైపు చూడకుండా అడిగాడు. "మ్యాట్ వచ్చిందట కద?"

"వచ్చింది బాపు."

"మరి పొద్దుగాల లేస్తవా, నేను లేపాల్నా?"

తర్వాత అంతా సమానమైపోయిందని చెప్పను. వాళ్ళకు వ్యాను ఉండేది, మాకు ఆటోనే. వాళ్ళకు గుడ్లు, మాకు అక్క ఇంటి రొట్టె. కానీ మ్యాట్ మాత్రం ఊరూరా తిరగడం మొదలైంది. ఈసారి మీటింగుకు అక్కతో పాటు మౌనిక కూడా పోయింది, తలుపు దగ్గర కాదు, ఇద్దరూ కుర్చీల్లోనే కూర్చున్నారు. ఆటకు ముందు అందరికీ మ్యాట్ మీద సమానంగా సాధన దొరకాలన్నది కమిటీ పద్ధతి అయింది. కొన్నేళ్ళకు ఊళ్ళన్నీ కలిసి ఇంకో మ్యాట్ కొనుక్కున్నాయి. ఒక ఏడాది నేను, మౌనిక జిల్లా జట్టులో ఒకే వైపు ఆడాం. మోకాళ్ళు అరిగాక అక్క రాజేంద్రనగర్‌లో చెల్లెలి ఇంటికి పోయింది. నేను ఎయిర్‌పోర్టు ఉద్యోగుల హాస్టల్లో వంట చేస్తాను, సాయంత్రం పిల్లలకు ఆట చెప్తాను.

పోయిన ఆదివారం కుళాయి దగ్గర ఆ కందుకూరు వైపు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి వేళ్ళ సందులు కూడా తడి లేకుండా తుడిచాను. వాళ్ళు సిగ్గుపడి కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. "మాది అవతలి జట్టు కద అక్కా" అన్నది ఒక పిల్ల. "అందుకేనే తుడిచేది" అన్నాను.

రాత్రి అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "మంచిగ ఆరినయా కాళ్ళు? వేళ్ళ సందులల్ల—" అంటూ ఆగిపోయింది. నా ఇంటి మీదినుంచి విమానం పోతోంది. అది ఆమెకు ఫోన్లో వినబడింది. అంత దూరంలో ఉండి కూడా ఆమె నాకోసం ఆగింది. చప్పుడు సన్నగిల్లేదాకా ఇద్దరం ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాం.

"—తుడిచినవా?" అన్నది.

"తుడిచిన అక్కా. ఆళ్ళే గెలిచిన్రు."

అక్క పకపకా నవ్వింది. "మంచిగైంది. తువ్వాల ఉతికి ఆరెయ్యి. మల్లా ఆదివారం కావాలె."

లేచిపోయి తువ్వాల ఉతికి దండెం మీద ఆరేశాను.