కైసర్ చాచా ఎడమ చేతి రాత

జనగామలో సిద్దిపేట రోడ్డు మీద, ఊరు అయిపోయే చోట, పద్నాలుగు గదుల పొడవాటి రేకుల ఇల్లు ఒకటి ఉండేది. సొంత ఇల్లు లేని, అరవై దాటినవాళ్ల కోసం ఒక ట్రస్టు కట్టించింది. తక్కువ అద్దె. ఎవరి గది వాళ్లది, ఎవరి పొయ్యి వాళ్లది. ముందర అందరికీ కలిపి ఒకే పొడుగు వరండా. ఊళ్లో దాన్ని ‘ముసలోళ్ల లైను’ అనేవారు. నేను అక్కడ తొమ్మిదేళ్లు వార్డెన్‌గా పనిచేశాను. నా పేరు రాజీ. నేను చెప్పబోయేది కైసర్ చాచా గురించి.

ఆయన 2010 ఎండాకాలంలో ఆటోలో వచ్చాడు. ఒక ట్రంకు పెట్టె, ఒక స్టవ్వు, బ్రష్షులున్న రేకు డబ్బా. కుడి చెయ్యి ఒంటికి అంటుకుని ఉంది. ఆరు నెలల కింద పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది గాని వేళ్లు ముడుచుకుపోయాయి.

జనగామలో ముప్పై ఏళ్లపాటు ఏ దుకాణం ముందు తలెత్తినా బోర్డు కింద మూలన ‘కైసర్ ఆర్ట్స్’ అని ఉండేది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ మూడూ రాసేవాడు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. బోర్డులన్నీ ఒక్కొక్కటిగా దిగిపోయాయి. భార్య పోయింది. ఒక్కతే కూతురు యాస్మిన్ భూపాలపల్లిలో ఉండేది. అల్లుడు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. రెండు గదుల క్వార్టర్లో అత్తమామలు, పిల్లలు. అయినా రమ్మని పోరు పెట్టింది. ఈయన ఒప్పుకోలేదు.

“చెయ్యి పోక ముందే పని పోయింది బేటీ,” అన్నాడు నాతో మొదటి రోజే. “గందుకని చెయ్యి పోయినప్పుడు పెద్దగ బాధ అనిపియ్యలె.”

దవాఖానలో డాక్టరు రోజూ రబ్బరు బంతి పిసకమన్నాడు. బంతి కిటికీలోనే ఉండేది. రేకు డబ్బా మంచం కిందికి పోయింది.

ఆ ఏడాదే ట్రస్టు వాళ్లు కొత్త పద్ధతి ఒకటి పెట్టారు. రోజూ ఒక గంట అందరినీ వరండాలో కూర్చోబెట్టి కొంచెం వ్యాయామం, కొంచెం చేతి పని చేయించాలి. మనసుకూ ఒంటికీ మంచిదట. దానికోసం ఒక అట్టపెట్టె పంపారు. అందులో రంగు పెన్సిళ్లు, పిల్లలు రంగులు నింపే బొమ్మల పుస్తకాలు ఉన్నాయి. ఉద్దేశం మంచిదే. నాకే చెయ్యడం చేతకాలేదు. మొదటి రోజు అందరినీ వరసగా నిలబెట్టి, వంగి కాళ్ల వేళ్లు ముట్టుకోండి అన్నాను.

సాలవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను చూసింది. ఆమె అసలు పేరు సాలమ్మ. కురవి దిక్కు పల్లె. బతుకంతా కూలి.

“నలభై ఏండ్లు నాట్లేసిన. ఇప్పుడు నాకు వంగుడు నేర్పుతవా బిడ్డా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బొమ్మల పుస్తకం చేతికిస్తే తిరగేసి, “ఏనుగుకు రంగేసేటందుకు నేనేమన్న సంటిపిల్లనా?” అని వెనక్కి ఇచ్చేసింది. ఏడాదిపాటు ఆ గంట అలాగే గడిచింది. నలుగురు వచ్చేవారు, ముగ్గురు కునికేవారు. చాచా అయితే గది దాటి వచ్చేవాడే కాదు.

2011 సెప్టెంబర్‌లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూశారు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. బొగ్గు బాయిల్లో పని ఆగడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. చౌరస్తాలో టెంటు వేసి రోజుకొక వృత్తివాళ్లు నిరాహార దీక్షకు కూర్చునేవారు. ఒక రోజు వకీళ్లు, ఒక రోజు కుమ్మరులు, ఒక రోజు ఆటో డ్రైవర్లు. ఎవరి బ్యానరు వాళ్లది.

సాలవ్వ రోజూ పోయి చూసి వచ్చేది. ఒకరోజు వస్తూనే వరండాలో కూలబడి, “అందరికి ఒక్కో రోజున్నది. మనకేది?” అంది.

“మనదేం వృత్తి?” అన్నాడు దామోదర్ సారు. చిల్పూర్‌లో బడిపంతులుగా చేసి రిటైరై, మూడో నంబరు గదిలో ఉండేవాడు.

“ముసలితనం,” అంది సాలవ్వ.

మర్నాడు ఆమే పోయి సమ్మె కమిటీ వాళ్లతో మాట్లాడి వచ్చింది. వాళ్లు కాదనలేకపోయారు. వచ్చే సోమవారం మాది. ఉపవాసం మాత్రం వద్దన్నారు, ఊరికే కూర్చుంటే చాలన్నారు. ఇక బ్యానరు కావాలి. ఫ్లెక్సీ షాపుకు పోయాను. కరెంటు లేదు, మిషను ఆగి వారమైందని చెప్పాడు.

సాలవ్వ నేరుగా చాచా గది ముందుకు పోయింది.

“కైసర్ భాయ్, బయటికి రా. బ్యానర్ రాయాలె.”

“నా చెయ్యి చూస్తలేవా సాలక్కా?”

“ఒక్క చెయ్యే గద పోయింది? ఇంకోటున్నది. మా చేతులున్నయి. ఎట్ల రాయాల్నో నోటితోని చెప్పు, మేం రాస్తం.”

ఆయన ఎడమ చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తర్వాత మంచం కిందికి వంగి డబ్బా బయటికి లాగాడు.

తెల్లగుడ్డ రబియా బీ ఇచ్చింది. ఆమె కుట్టుపని చేసి బతికిన మనిషి. రెండు పాత దుప్పట్లు కలిపి, అంచులు మడిచి, కర్రలు దూర్చడానికి రెండు పక్కలా సంచుల్లాగా కుట్టింది. సగం తలుపు తీసిన ఒక దుకాణంలో ఎర్ర రంగు డబ్బా దొరికింది.

ఏం రాయాలన్న దగ్గర పేచీ వచ్చింది. దామోదర్ సారు కాగితం మీద రాసుకొచ్చి చదివాడు: “ప్రత్యేక రాష్ట్ర సాధనకై వృద్ధుల సంఘీభావ దీక్ష.”

“గిట్ల ఎవలు మాట్లాడుతరు సారూ?” అంది సాలవ్వ.

“మరి నువ్వు చెప్పు.”

ఆమె ఆలోచించనైనా లేదు. “తెలంగాణ సూసినంకనే సస్తం. గది రాయి.”

వరండా అంతా నవ్వు. సారు మాత్రం నవ్వలేదు. “బాగుంది గని ‘చూసినంక’ అని రాయాలె. ‘సూసినంక’ తప్పు,” అన్నాడు.

“మా నోట్లె గదే వస్తది.”

అప్పుడు కైసర్ చాచా అన్నాడు, “సారూ, ముప్పై ఏండ్లు బోర్డులు రాసిన. వెయ్యి రాసిన్నో, రెండు వేలు రాసిన్నో. మనం ఇంట్ల మాట్లాడినట్టు ఒక్క బోర్డు గూడ రాయలె. గీ ఒక్కటి ఆమె అన్నట్టే రాద్దాం.”

దామోదర్ సారు తల వంచుకున్నాడు. మెల్లగా చెప్పాడు. “సూసిన, సదివిన అన్నందుకు బడిల పిల్లల చేతుల మీద కొట్టిన నేను. ఎంతమందినో. ఇంటికొచ్చి నేను గూడ గట్లనే మాట్లాడేది.” తర్వాత కాగితం చింపేసి, సుద్దముక్క తెచ్చి చాచాకు అందించాడు.

ఆయన ఎడమ చేత్తో మొదటి అక్షరం గీశాడు. వంకరపోయింది. తుడిచాడు. మళ్లీ గీశాడు. మళ్లీ వంకరే. చెమట పట్టింది. మూడోసారి, తనకు తెలియకుండానే, ముడుచుకున్న కుడి చేతిని గుడ్డ మీద ఆనించి, దాని ఆసరాతో ఎడమ చేతిని నడిపాడు. ‘తె’ నిలబడింది. పక్కన రబియా బీ, “మాషా అల్లా,” అంది.

అక్షరాల చుట్టుగీత ఆయనది. లోపల రంగు నింపడం సాలవ్వది. ఆమె చేతిలో బ్రష్షు పెట్టి, “నారు వట్టుకున్నట్టు పట్టు. గట్టిగ పిసకకు,” అన్నాడు చాచా. ఆమె చెయ్యి ఎక్కడా గీత దాటలేదు. వరసలో నాటు వేసిన చేతికి ఎంత దూరం వదలాలో తెలుసు. “ఎప్పుడన్న పలక పట్టినవా?” అని ఆయన అడిగితే, “పలకనా? బడి గడప గూడ తొక్కలె,” అంది. అక్షరాలకు ఆమె సొంత పేర్లు పెట్టుకుంది. ‘ల’ అంటే చుట్ట తాగే ముసలోడు. ‘ణ’ అంటే పోట్లాడుకునే ఇద్దరు తోడికోడండ్లు.

నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఎవరినీ నేను పిలవలేదు. పొద్దున్నే వాళ్లే వచ్చి కూర్చునేవారు. వంగేవారు, లేచేవారు, చేతులు చాపేవారు. మోకాళ్లు పట్టేసిన ఒకామె గుడ్డ చివర పట్టుకోవడానికి రెండు గంటలు నిలబడింది. నేను ఏడాదిగా చేయించాలని చూసిందంతా నా ముందే జరిగిపోతోంది. నా వంతు టీ పెట్టడం ఒక్కటే. అంత తేలికపడ్డ రోజులు నా ఉద్యోగంలో మళ్లీ లేవు.

సోమవారం వాళ్లు పద్నాలుగు మంది, నేనూ చౌరస్తా దాకా నడిచే పోయాం. ఉపవాసం వద్దన్నా ఎవరూ తినలేదు; రబియా బీకి షుగరు ఉంది కాబట్టి ఆమెకు మాత్రం మధ్యాహ్నం డబ్బాలో జొన్నరొట్టె పెట్టి తినిపించాను. “దీక్షల తినుడేంది?” అని ఆమె సిగ్గుపడి, కొంగు చాటున తింది. బ్యానరు చదివి జనం మొదట నవ్వారు. తర్వాత ఒక్కొక్కరూ నవ్వు ఆపి మళ్లీ చదివారు. ఒక హోటలాయన దగ్గరికొచ్చి, “ఎవలు రాసిండ్రు గిది?” అన్నాడు. చాచా, “మా లైనోళ్లందరం,” అన్నాడు.

సమ్మె ఆగినా వరండాలో రాత ఆగలేదు. బస్సులు నడిచాక యాస్మిన్ వచ్చి రంగులు, కుంచెలు ఇచ్చి పోయింది. అందరి తలుపుల మీదా ఎవరి పేరు వాళ్లే రాసుకున్నారు. సాలవ్వకు తన పేరు రాయడానికి మూడు వారాలు పట్టింది. రబియా బీ తెలుగులో రాసుకుని, దాని కింద ఉర్దూలో కూడా రాసింది. చాచా కుడి చెయ్యి పూర్తిగా రాలేదు. టీ గ్లాసు పట్టుకునేంత వచ్చింది. ఆయనకు అది చాలనిపించింది.

దామోదర్ సారు 2012లోనే పోయాడు. తెలంగాణ వచ్చిన రోజు మిగతావాళ్లంతా వరండాలో ఉన్నారు. సాలవ్వ అందరికీ బెల్లం పంచింది. సారు గది ముందు కాసేపు నిలబడి, ఒక ముక్క గడప మీద పెట్టింది.

కైసర్ చాచా మరుసటేడు వానాకాలంలో నిద్రలోనే పోయాడు. మట్టి అయ్యాక యాస్మిన్ భూపాలపల్లి పోకుండా నేరుగా లైనుకు వచ్చింది. సామాను సర్దుకోవడానికేమో అనుకున్నాను. ఆమె వరండాలో మా మధ్య కూర్చుంది.

“అమ్మ పోయినంక బాపు నాతోని ఫోన్ల రెండు ముచ్చట్ల కంటె ఎక్కువ మాట్లాడలె,” అంది. “తిన్నవా, పిల్లలు మంచిగున్నరా, గంతే. మీరు రాసుడు షురూ చేసినంక గంట గంట మాట్లాడేటోడు. సాలమ్మ ఏ అక్షరం తప్పు రాసింది, ఎవలు ఏ రంగు పారబోసిండ్రు, అన్ని చెప్పేటోడు. నాకు మా బాపు మళ్ల దొరికిండు. గది మీకు చెప్పి పోదామనే వచ్చిన.”

 జీతానికి చేరిన ఉద్యోగంలో ఇంత పెద్ద మాట వింటానని ఎన్నడూ అనుకోలేదు.

సాలవ్వ లేచి ఆమె తల నిమిరింది. “పొద్దటి సంది ఏం తినలేదు గద బిడ్డా? లే, కాళ్లు కడుక్కో. అన్నం పెడత,” అని చెయ్యి పట్టుకుని తన గదిలోకి తీసుకుపోయింది.