వ్యాన్ మామయ్య అరిచిన రోజు

బడి వ్యాన్ నడిపే అతన్ని పిల్లలంతా మామయ్య అనేవారు. గుమ్మం ముందు హారన్ కొట్టి, "రాణిగారింకా పళ్లు తోముకుంటున్నారా?" అని కేకేసేవాడు. ఏడ్చే పిల్లలు కూడా నవ్వుతూ ఎక్కేవారు.

జబ్బు వ్యాపించి బళ్లు మూసేసినా మొదట్లో అతను హుషారుగానే ఉన్నాడు. సీట్లు విప్పేసి వ్యాన్‌లో కూరగాయలు అమ్మాడు. "టమాటాలు నయమే, కిటికీ సీటు కోసం కొట్టుకోవు" అని భార్యను నవ్వించేవాడు.

రెండో ఏడు వీధి చివరి టైర్ల కొట్టాయన జబ్బు సోకి వారం తిరక్కుండా పోయాడు. అప్పట్నించి ఇతనికి చేతులు కడిగిందే కడగడం. భార్య తుమ్మితే చాలు, ఊపిరి బిగబట్టి వినేవాడు. ఆమె అడిగితే, "నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అనేవాడు. ఇంట్లో ఎవరికీ జబ్బు సోకలేదు. మనిషిని పోగొట్టుకున్న వాళ్లే పనుల్లోకి వెళుతుంటే, తను భయమని ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

బళ్లు తెరిచారు. లోకమంతా ఊపిరి పీల్చుకుంటే అతనికి మాత్రం ఊపిరాడలేదు. వ్యాన్ నిండా పిల్లలున్నా ఒక్క జోకూ నోటికి రాలేదు.

ఒక రోజు రెండో తరగతి చదివే కళ్లజోడు పాపకు నీళ్లు తాగుతుంటే పొలమారింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. అతను వ్యాన్ పక్కకు ఆపి, తలుపు లాగి అరిచాడు.

"దిగు!"

పాప దిగింది. బ్యాగు వీపుకు తగిలించుకుని మరీ దిగింది. అతను తలుపు మూసి బండి కదిలించాడు. అద్దంలో ఆ పిల్ల చిన్నదైపోతుంటే అప్పుడు బ్రేకు వేశాడు. వెనక్కి వెళ్లి ఎక్కించుకున్నాడు. బడి వచ్చేదాకా పాప రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుని కూర్చుంది.

సాయంత్రం పాపను దింపేటప్పుడు తిట్లు తినడానికి సిద్ధపడ్డాడు. తల్లి మాత్రం నవ్వుతూ, "ఒంట్లో బాగాలేదటగా అన్నయ్యా? మా పాపే ఇప్పుడు అంటోంది, మామయ్యను విసిగించొద్దని" అంది.

అంతకన్నా చెంప పగలగొట్టినా బాగుండేది. "అవునమ్మా, కాస్త నలతగా ఉంది" అని అబద్ధమాడి వచ్చేశాడు.

ఆ రాత్రి భార్య ముందు అంతా కక్కేశాడు.

"పసిపిల్లను రోడ్డు మీద వదిలేశావా?" అంది ఆమె. చెయ్యి చాపింది. "తాళాలిటివ్వు. మా తమ్ముడు నడుపుతాడు. నువ్వు డాక్టర్ దగ్గరికి పద."

"నలుగురికీ తెలిస్తే పిచ్చోడంటారే."

"అననీ."

డాక్టర్ అంతా విని, ఆపద ఉన్నన్నాళ్లూ బిగబట్టుకున్నవాళ్లు అది తగ్గాక కూలబడటం కొత్తేమీ కాదన్నాడు. మందులతో, మాటలతో మెల్లమెల్లగా భయం సద్దుమణిగింది. సిగ్గు మాత్రం అలాగే ఉండిపోయింది.

చివరికి పాప తల్లి దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె మొహం పాలిపోయింది.

"చెప్పారు, మంచిది. కానీ అన్నయ్యా, ఇక పంపలేను."

"పంపకండమ్మా" అన్నాడు.

ఇప్పుడు మళ్లీ వ్యాన్ నడుపుతున్నాడు. పాప వాళ్ల నాన్న స్కూటర్ మీద బడికి వెళుతోంది. అప్పుడప్పుడు సిగ్నల్ దగ్గర పక్కపక్కనే ఆగుతారు. పాప చెయ్యి ఊపుతుంది. అతనూ ఊపుతాడు. తల మాత్రం ఎత్తలేడు.