ఎర్ర బొట్టుబిళ్ల దాటించాను

చెయ్యి అప్పటికే తిప్పేసింది. నా చెయ్యే. శ్రుతి పెట్టె మీదున్న గుండ్రటి బటన్ తమ్ముడి గుర్తు దాటి పైకి జరిగి ఆగింది. ముందు వరసలో బాపు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి తడిచేతులు కొంగుకు రాసుకుంటోంది. తమ్ముడు కొత్త లాల్చీ మడతలు సర్దుకుంటూ చాప మీదికి వస్తున్నాడు. వెనక్కి తిప్పడానికి టైముంది. చాలా టైముంది. తిప్పలేదు.

ఇది జరిగి పదేళ్లు దాటింది. అప్పటి నుంచి మోస్తున్నాను. నేను నోరు మూసుకుని ఉండగలిగే మనిషిని కాదు. బస్సులో పక్కన కూర్చున్నావిడకు మా ఇంట్లో ఆ పూట ఏం కూరో చెప్పేస్తాను. అలాంటిదాన్ని, ఈ ఒక్కటి మాత్రం మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మొదట్లో భయంతో చెప్పలేదు, తర్వాత సిగ్గుతో చెప్పలేదు, ఆ తర్వాత భయమూ సిగ్గూ రెండూ అరిగిపోయి ఒట్టి అలసట మిగిలింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను.

మాది కాజీపేట. బాపు రైల్వేలో పని చేసేవాడు. రైల్వే ఇళ్లలో ఏడాదికోసారి ఉచిత పాసు మీద ఇల్లంతా ఊరెళ్తారు. మా గల్లీలో అందరూ తిరుపతికో షిరిడీకో వెళ్లేవాళ్లు. మేము మాత్రం ఎండలు ముదరగానే గోదావరి అవతల ఒక ఊరికి పోయేవాళ్లం. అక్కడ సెలవులకు ఖాళీగా ఉన్న ఒక బడిలో పిల్లలకు సంగీత శిబిరం పెట్టేవారు.

"అందరు పాసు మీద దేవుని తానికి పోతే, మీరు బడికి పోతాన్రా?" అని పక్కింటి అత్తమ్మ ప్రతి ఏడూ నవ్వేది.

బాపుకు పాటంటే పిచ్చి. నేర్పేవాళ్లు లేక చెవితోనే హార్మోనియం నేర్చుకుని భజనల్లో వాయించేవాడు. మేమిద్దరం పద్ధతిగా నేర్చుకోవాలని ఆయన కోరిక. అమ్మ శిబిరం వంటలో చెయ్యి వేస్తానంది కాబట్టి నలుగురినీ అక్కడే ఉండనిచ్చారు. ఒక క్లాసు రూములో బెంచీలు గోడకు జరిపి పక్కలు వేసుకునేవాళ్లం. నల్లబల్ల మీద ఎవరో చెరపడం మరిచిపోయిన లెక్క నెలంతా మా తలల మీదే ఉండేది.

కానీ నాకు శిబిరం కంటే రైలే ఎక్కువ ఇష్టం. కిటికీ కింద హార్మోనియం పెట్టె, దాని మీద సర్వపిండి డబ్బా. బండి కదిలి రెండో స్టేషన్ వచ్చేలోపు ఎవరు ఎక్కడ దిగుతారో, ఎవరి బిడ్డకు ఎక్కడ సంబంధం చూస్తున్నారో నాకు తెలిసిపోయేది. తమ్ముడేమో పై బెర్తులో బోర్లా పడుకుని వినేవాడు. అన్నీ వినేవాడు. ఇంజను కూత వేయగానే బాపు తల పైకెత్తి అడిగేవాడు.

"ఏం స్వరం రా బిడ్డా?"

"గాంధారం బాపూ, మన శ్రుతికి."

బాపు పెట్టె తెరిచి ఆ మెట్టు నొక్కేవాడు. సరిగ్గా అదే పలికేది. బోగీ అంతా ఆశ్చర్యపోయేది. ఒకసారి ఒక ముసలమ్మ సంచిలోంచి జామకాయ తీసి వాడి చేతిలో పెట్టింది. సగం నాకిచ్చాడు. అడక్కుండానే ఇచ్చాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, వాడితో నాకు పగ లేదని మీకు తెలియాలి. పగ ఉంటే చెప్పడం తేలికయ్యేది.

మొదటి వేసవిలో నేనూ పాడాను. రెండో వేసవిలో, శిబిరం నడిపే పెద్ద సారు నవ్వుతూ, "నీ గొంతు మాటలకు బాగుంటుందమ్మా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి శ్రుతి పెట్టె నాకు అప్పగించారు. నేనేమీ బాధపడలేదు. బాధపడకపోతే మరి ఆ మాట ఇన్నేళ్ల తర్వాత కూడా అక్షరం పోకుండా ఎందుకు గుర్తుంది?

శ్రుతి పెట్టె అంటే పాడినంతసేపూ ఒకే స్వరం మోగుతూ ఉండే చిన్న కరెంటు పెట్టె. పాడేవాళ్లు దాన్నే పట్టుకుని పాడాలి. ఒక్కో పిల్లకు ఒక్కో శ్రుతి. అది పెంచితే గొంతు కూడా అంత ఎత్తు ఎక్కాలి. మంద్రంలో తెలియదు, పై స్వరాలకొచ్చేసరికి అందదు. ఎవరి శ్రుతి ఎక్కడో మరిచిపోకుండా నేను బటన్ చుట్టూ అమ్మ బొట్టుబిళ్లలు అంటించాను. తమ్ముడిది ఎర్రది. చిన్నపిల్లలకు వయొలిన్, మృదంగం ఉండేవి కావు. పెట్టె, చేతి తాళం, అంతే. అంటే నేను ఎక్కడ పెడితే అదే శ్రుతి. నాది తప్పని అనగలిగేవాళ్లు ఎవరూ లేరు.

నాలుగో వేసవి అది. ఆ ఏడాది ఒక పిల్లాణ్ణి తన ఇంట్లోనే ఉంచుకుని చదివిస్తూ నేర్పిస్తానన్నారు పెద్ద సారు. చివరి రోజు అందరి పాటలూ విన్నాక చెప్తానన్నారు. కానీ ఎవరో అందరికీ తెలుసు. ముందురోజు మధ్యాహ్నం బాపు వంటగదిలోకి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"మనోడే! రేపు జర మంచిగ పాడితే ఇగ సారింట్లనే ఉంటడు. చదువు, పాట, తిండి, అన్నీ ఆయననే చూసుకుంటడట."

"మరి మనమో?" అంది అమ్మ.

"మనమేంది? మనం ఇంటికి పోతం."

"సంతోషమే" అంది అమ్మ. కానీ చేతిలో సగం ఒలిచిన ఉల్లిగడ్డ అట్లాగే ఉండిపోయింది.

నాకు తిరుగు రైలు కళ్ల ముందుకొచ్చింది. పై బెర్తు ఖాళీ. ఇంజను కూస్తే బాపు ఎవర్ని అడుగుతాడు? నన్నా? నాకు తెలియదు కదా. ఇదే కారణం అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. తమ్ముణ్ణి వదల్లేక చేశానని. అది నిజమే. కానీ ఆ మధ్యాహ్నం బాపు మొహంలో చూసిన వెలుగు నా వల్ల ఎప్పుడూ రాలేదన్నదీ నిజమే. రెండిట్లో ఏది నా చెయ్యిని తిప్పింది? ఎన్నిసార్లు అడుక్కున్నా ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. ఇప్పుడు అడగడం మానేశాను.

తమ్ముడు కూర్చున్నాడు. పెట్టె వేశాను. వాడు ఆధార షడ్జం పట్టుకోబోయి ఆగాడు. నా వైపు వంగాడు.

"అక్కా, శ్రుతి ఎక్కువైనట్టుంది."

"లేదురా. నీదే. ఎర్రదాని మీదనే ఉన్నది. పాడు."

వాడు కూర్చున్న చోటికి బటన్ కనబడదు. నా మొహం కనబడుతుంది. ఒక్కసారి చూశాడు. కళ్లు మూసుకున్నాడు. నమ్మాడు.

పల్లవి బాగానే సాగింది. చరణంలో పైకి ఎక్కాల్సిన చోట గొంతు చీలింది. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ చీలింది. వెనక పిల్లలెవరో కిసుక్కుమన్నారు. మిగతా పాట గొణుగుతున్నట్టు ముగించి లేచాడు. పెద్ద సారు కోప్పడలేదు. బాపు భుజం మీద చెయ్యి వేసి, "గొంతు మారుతోందండీ. ఈ వయసులో మగపిల్లలకు మామూలే. రెండేళ్లు ఆగి చూద్దాం" అన్నారు. వేరే పిల్లాణ్ణి ఎంచుకున్నారు. అందరూ తమ్ముడి చుట్టూ ఉన్నప్పుడు నేను బటన్‌ను ఎర్ర బొట్టుబిళ్ల మీదికి తెచ్చి పెట్టాను. అంత తెలివి ఆ వయసులో నాకెక్కడిది?

తిరుగు రైల్లో నలుగురం ఉన్నాం. నేను కోరుకున్నట్టే. ఇంజను కూసింది. వాడి మనసు మళ్లించాలని బాపు తల పైకెత్తాడు.

"ఏం స్వరం రా బిడ్డా?"

తమ్ముడు పై బెర్తులో గోడవైపు తిరిగాడు.

"ఏమో బాపూ. తెల్వది."

బాపు హార్మోనియం పెట్టె మీద పెట్టిన చెయ్యి తీసేశాడు. నాకు అప్పుడు అర్థమైంది. నేను వాడి గొంతుకేదో అడ్డం పెట్టాననుకున్నాను. కాదు. వాడి చెవి వాడికి నిజం చెప్పింది, నేను అబద్ధమన్నాను, వాడు చెవిని వదిలేసి నన్ను నమ్మాడు. బటన్ తిప్పడం కంటే ఆ "లేదురా" పెద్ద తప్పు.

మరుసటి వేసవి పాసు మీద తిరుపతి వెళ్లాం. పక్కింటి అత్తమ్మ సంతోషించింది. ఆ ఏడాదిలోనే వాడి గొంతు నిజంగానే మారింది. చూశావా, ఎట్లాగూ మారేదే కదా అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. అన్నిటికంటే ఇది చెప్పడానికే నాకు ఎక్కువ సిగ్గు. గొంతు మళ్లీ కుదురుకుంది, మంచి గొంతే వచ్చింది. ఎవరడిగినా వాడు పాడలేదు. బాపు రిటైరయ్యాడు. ఇప్పటికీ కాజీపేటలో బండి కూస్తే ఆయన తల కొంచెం లేస్తుంది. తమ్ముడి వైపు తిరగబోయి ఆగుతుంది.

తమ్ముడు ఇప్పుడు ఫంక్షన్లకు మైకు సెట్టు కిరాయికి ఇస్తాడు. నేను వాడితో వెళ్లి యాంకరింగ్ చేస్తాను. సారు అన్నది నిజమే, నా గొంతు మాటలకు పనికొచ్చింది. పనిలో వాడికి పేరుంది. ఒక్కటే అలవాటు. సౌండు పెట్టిన ప్రతిసారీ పక్కనెవరుంటే వాళ్లను అడుగుతాడు, "సరిగనే ఉన్నదా?" అని. టెంటు వాళ్లను, పంతులుగారిని, ఐస్‌క్రీం బండి ఆయన్ను కూడా. "మైకు సెట్టోనివి నువ్వా నేనా తమ్మీ?" అని ఆయన ఒకసారి పగలబడి నవ్వాడు. తమ్ముడూ నవ్వాడు. నేను స్టేజీ వెనక్కి వెళ్లి నీళ్లు తాగాను.

మొన్న హసన్‌పర్తిలో ఒక పుట్టినరోజు. చిన్న పిల్ల ఒకతి మ్యూజిక్ ట్రాకు పెట్టుకుని పాడబోయి ఆగింది.

"అన్నా, ఎక్కువైంది. నాకు అందుతలేదు."

"ఏం గాలే, నకరాలు చెయ్యకు. పాడు" అంది వాళ్లమ్మ.

తమ్ముడి చెయ్యి మిక్సరు మీద ఉంది. కదల్లేదు. నా వైపు తిరిగాడు.

"అక్కా, ఎక్కువైందా?"

చేతిలో మైకుంది. దాన్ని కిందికి దించాను. "పిల్ల చెప్తాంది గదా. దానికి ఇనవడుతాంది. తగ్గియ్" అన్నాను. తగ్గించాడు. పిల్ల హాయిగా పాడింది. అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం స్పీకర్ బాక్సులు వేసుకుని ట్రాలీ ఆటోలో వస్తున్నాం. రైల్వే గేటు పడింది. వాడు ఇంజను ఆపాడు.

"తమ్మీ, ఆ రోజు శ్రుతి నేనే పెంచిన."

ఏ రోజు అని అడగలేదు. హ్యాండిల్ వైపే చూస్తున్నాడు.

"నేను అడిగిన గదనే."

"అడిగినవ్."

"లేదన్నవ్."

"అన్న."

గూడ్సు బండి వచ్చింది. కూత వేసింది. ఇద్దరం విన్నాం. వాడు ఆఖరి వ్యాగను దాటేదాకా చూసి నా వైపు తిరిగాడు.

"ఎందుకు?"

"నువ్వు ఆడనే ఉండిపోతవని. ఇంకోటి గూడ ఉండె. కుళ్లు."

గేటు లేచింది. వెనక హారన్లు కొడుతున్నారు. వాడు బండి స్టార్ట్ చేయలేదు.

"బాపుకు చెప్పినవా?"

"లే."

"చెప్పకు."

అంతే. బాపు కోసం అన్నాడో, తనకోసం అన్నాడో నాకు తెలియలేదు. నా కోసమైతే అని ఉండడు. ఇంటి దగ్గర బాక్సు దింపుతుంటే రెండో వైపు పట్టుకోబోయాను. "వద్దు" అన్నాడు. ఒక్కడే దింపుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. బరువు దిగిందా అంటే, దిగింది. ఆ తేలిక చూసుకుంటే కూడా సిగ్గేస్తోంది, ఎందుకంటే దిగిన బరువు వాడి మీదికే పోయి ఉంటుంది. అయినా దిగింది. అబద్ధమెందుకు ఆడాలి మళ్లీ?

మరునాడు పొద్దున కొత్తవాడలో గృహప్రవేశం. ముందే ఒప్పుకున్నది, కలిసే వెళ్లాం. వైర్లు కలిపాడు, స్పీకర్లు లేపాడు, మైకు అందుకుని "హలో, హలో" అన్నాడు. బటన్ కొంచెం తిప్పాడు. చెవి పెట్టి విన్నాడు. పక్కన నేను తప్ప ఎవరూ లేరు. అలవాటు కొద్దీ నా వైపు తిరిగాడు.

"సరిగనే..." అన్నాడు. ఆగాడు.

ఈసారి చెప్పాల్సింది వాడి చెవే. తల వంచుకుని, మిగిలిన వైరు చేతికి చుట్టుకుంటూ కూర్చున్నాను.