బ్రేకు తొక్కితే మాయమయ్యే వదులు

రెండేళ్ల కిందట, చెరకు నరికే కాలం. నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద నా మెకానిక్ షాపు. బోధన్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫోర్ వీల్ డ్రైవ్ జీపులు, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండ్లు, ఎక్కువగా నా దగ్గరికే వస్తాయి. ఇరవై ఏళ్లుగా వాటినే విప్పుతున్నాను, బిగిస్తున్నాను. అయినా ఒక జీపు నన్ను మూడు వారాలు అయోమయంలో పడేసింది.

ఆ జీపు గంగామణి అక్కది. చెరకు, వరి పండించే రైతు. యాభై దాటిన మనిషి, బండి తనే నడుపుతుంది. వాళ్ల అత్త సాయవ్వకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు నిజామాబాద్ తెచ్చి డయాలిసిస్ చేయించాలి. అత్తను ఆస్పత్రిలో దింపి, ఆ నాలుగు గంటల్లో బండి చూపించుకుందామని అక్క నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, బ్రేకు ఒక్కపారి తొక్కితే కిందికి పోతది. రెండోపారి తొక్కితే పడ్తది. గది సుత ఎప్పుడూ కాదు, ఎప్పుడో ఒకపారి," అన్నది.

ఇది విన్న ఏ మెకానిక్కైనా బ్రేకు ఆయిల్లో గాలి చేరిందనే అనుకుంటాడు. నేనూ అదే అనుకుని గాలి తీసేశాను. రోడ్డు మీద నడిపి చూశాను, బ్రేకు చక్కగా పడింది. నాలుగు రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి మాస్టర్ సిలిండర్, అంటే ఆయిల్‌ను చక్రాల దాకా తోసే భాగం, కొత్తది వేశాను. మళ్లీ నడిపి చూశాను, బాగుంది. వారం తిరక్కుండా మళ్లీ అదే మాట. నాకేమీ పాలుపోలేదు. విసుగొచ్చి నోరు జారాను.

"అక్కా, నువ్వే కాలు సక్కగ పెడ్తలేవేమో."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "పదిహేనేండ్ల సంది తోల్తున్న. నా కాలు నాకెరుక లేదా?" అని బండెక్కి వెళ్లిపోయింది.

మరో పది రోజులకు, నాలుగోసారి, పొద్దున్నే నేరుగా షాపుకే వచ్చింది. పక్క సీట్లో సాయవ్వ ఉంది. దారి మలుపులో చెరకు ట్రాక్టర్ ఆగి ఉందట. బ్రేకు తొక్కితే కిందికి పోయిందట. మళ్లీ మళ్లీ తొక్కితే ట్రాక్టర్‌కు జానెడు దూరంలో బండి ఆగిందట.

అక్క మాట్లాడుతుండగానే సాయవ్వ మెల్లగా అన్నది. "బిడ్డా, నా కాళ్ల కింద ఏందో కొట్టుకుంటది. గుంతలల్ల ఇంక ఎక్కువైతది."

నాకు ఇంకా గందరగోళమైంది. బ్రేకు పోతే చప్పుడెందుకు? అదీ ఎడమ పక్క? పెద్దామెను కుర్చీలో కూర్చోబెట్టాను. ఎడమ చక్రం దగ్గర ఆయిల్ కారుతుందేమో చూద్దామని అక్కను బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను. జాకీ పెట్టి లేపాను. ఆయిల్ కారడం లేదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. కదల్లేదు.

"ఇడువక్కా," అన్నాను. చేతులు ఇంకా చక్రం మీదే ఉన్నాయి. టక్ మని ఊగింది.

"మల్ల తొక్కు."

కదల్లేదు.

"ఇడువు."

టక్.

"ఏమైంది తమ్మీ?" అన్నది అక్క. ఇంకో రెండుసార్లు తొక్కించి, వదిలించాను. అప్పుడు గానీ బుర్రకెక్కలేదు. అది వీల్ బేరింగుల వదులు. బేరింగులంటే చక్రం సాఫీగా తిరగడానికి లోపల ఉండే ఉక్కు రోలర్లు. బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని ఆ వదులు కనిపించదు. వదిలితే చక్రంతో పాటు బ్రేకు డిస్కు కూడా ఊగి, దాన్ని రెండు పక్కలా పట్టి ఆపే ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. మొదటి తొక్కుడు ఆ సందు పూడ్చడానికే సరిపోతుంది. రెండోదానికి బ్రేకు పడుతుంది. పట్నంలో నున్నటి రోడ్డు మీద నడిపి చూసిన నాకు అది దొరకలేదు.

ఇద్దరినీ ఆటోలో ఆస్పత్రికి పంపి చక్రం విప్పాను. స్పిండిల్ అనే ఇరుసు మీద బేరింగులను పట్టి ఉంచే నట్టు చేతితోనే తిరిగింది. ఆ నట్టు తిరగకుండా దాని మీద లాక్ వాషర్ అనే ఉక్కు బిళ్ల, ఆపైన ఇంకో నట్టు ఉంటాయి. వాషర్ చిన్న నాలుక ఇరుసు గాడిలో కూర్చోవాలి. ఆ నాలుక అరిగి, తెగిపోయి ఉంది.

వానాకాలంలో ఆ చక్రం విప్పి గ్రీసు పెట్టింది నేనే. నాలుక అరిగిందని అప్పుడే చూశాను. స్పేర్ల దుకాణం మూసి ఉండటంతో, ఏం కాదులే అని అదే వాషర్ మళ్లీ వేశాను. బేరింగులు నేనే బిగించాను కదా అన్న ధీమాతో ఈ మూడు వారాలూ అటు చూడనే లేదు.

షాపులో ఎవరూ లేరు. పాత వాషర్ పారేస్తే ఎవరికీ తెలియదు. దాన్ని జేబులో వేసుకున్నాను. బేరింగులు, వాషర్ కొత్తవి తెచ్చాను. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కొంచెం వెనక్కి వదిలి, వాషర్ నాలుక గాడిలో కూర్చుందని చూసి, పైనట్టు బిగించాను. కుడి చక్రం కూడా విప్పి చూశాను.

వాళ్లు తిరిగొచ్చాక వాషర్ తీసి అక్క చేతిలో పెట్టాను. "అక్కా, తప్పు నాది. అరిగిందని తెలిసి సుత గిదే మల్ల ఏసిన. పైకెల్లి నిన్నే అన్న."

"చక్రం ఊడిపోతుండెనా?"

"గట్లనే తిరిగితే ఊడుతుండె."

ఆమె తిట్టలేదు. తాళంచెవి నాకిచ్చింది. "నువ్వే తోలు. అత్త ముంగట కూసుంటది. నేను ఎనుక కూసుంట."

వాళ్ల ఊరి దాకా నేనే నడిపాను. పక్కన సాయవ్వ అలసిపోయి కళ్లు మూసుకుంది. ప్రతి మలుపుకూ చాలా ముందే బ్రేకు మీద కాలు పెట్టాను. ప్రతిసారీ బ్రేకు మొదటి తొక్కుడుకే పడింది. ఇంటి ముందు దిగాక, బండి మంచిగైందా లేదా చూడటానికే నాతో నడిపించావా అని అడిగాను.

"నిన్ను సూద్దామని," అన్నది. "మా అత్తను పక్కకు కూసోవెట్టుకొని తోల్తందుకు నీకు భయమైతదా అని. అయ్యిందా?"

"అయ్యిందక్కా."

"ఊఁ," అని అత్తను పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది.

అప్పటి నుంచి బాగుచేసిన బండి మళ్లీ వస్తే, ముందు నేను చేయి పెట్టిన చోటే విప్పుతున్నాను. అక్కడ తప్పు లేదని కళ్లతో చూశాకే ఇంకోచోట వెతుకుతున్నాను.