వంకర జాగా వైశాల్యం

మొన్న మా మనవరాలు బాల్కనీలో కూర్చుని చతుర్భుజ వైశాల్యం లెక్క చేస్తూ, మూల నుంచి మూలకు కర్ణం గీసి రెండు త్రిభుజాలుగా విడగొడుతుంటే, నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఎల్బీనగర్ అంటే పట్నం దాటిపోయినట్టే. నల్గొండ పల్లె నుంచి వచ్చి లారీ నడుపుకుని బతికిన మా మామగారు అక్కడ కొంత జాగా కొన్నారు. వెనకాల వాననీటి కాలువ ఏటవాలుగా పోవడంతో ఆ వైపు హద్దు వంకరగా ఉండేది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న బడిలో నేను లెక్కల టీచరుగా చేరిన కొత్తల్లో, ఆయన దాన్ని ఇద్దరు కొడుకులకూ పంచారు. ఎదురెదురు వైపుల పొడవుల సగటు తీసి, ఆ రెండు సగటులనూ హెచ్చవేసుకోవడమే అందరికీ తెలిసిన పద్ధతి. ఆ లెక్కన రెండు భాగాలూ సమానమే. నాలుగు మూలలూ చక్కగా ఉన్న ముందు భాగం మావారికి, వంకర భాగం మా బావగారికి వచ్చాయి.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో పనిచేసే బావగారు నెమ్మదైన మనిషి. పునాది తవ్వే ముందు, "టీచరమ్మవు గదా, జర నువ్వు కూడ చూడమ్మా" అని నన్నే అడిగారు. నేను టేపుతో కర్ణం కూడా కొలిచి, త్రిభుజాలుగా లెక్క కట్టాను. సగటు పద్ధతి వంకర జాగాను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తుంది; బావగారి భాగం నిజానికి తక్కువ. అందరి ముందూ అదే చెప్పాను.

మావారి ముఖం మాడిపోయింది. "మన జాగ మనమే తక్కువ చేసుకుంటమా?" అన్నారు నాతో. బావగారు వద్దంటున్నా వినకుండా మామగారు హద్దు తాడు మా వైపుకి జరిపించారు. మావారు ముచ్చటపడి వేయించాలనుకున్న ముందుగదికి ఆ జరుగుడుతో చోటు లేకుండా పోయింది. చాలాకాలం ఆయన నాతో ముభావంగానే ఉన్నారు. అన్నగారింటికైతే వెళ్ళడమే మానేశారు. పండుగనాడు కూడా ఎవరి పొయ్యి వారిదే. లెక్క తప్పలేదని నాకు తెలుసు, అయినా ఆ ఇంట్లో దొంగలా తిరిగాను.

ఏళ్ళ తర్వాత బావగారు దవాఖానలో పడితే మావారు పోయి పక్కన కూర్చున్నారు. "గా జాగ గురించి ఇంక కోపమున్నదారా తమ్ముడూ?" అని బావగారు అడిగితే, మావారు అన్నగారి చేయి పట్టుకుని ఏడ్చారు. ఆ వారమే బావగారు పోయారు.

ఇప్పుడక్కడ అపార్టుమెంటు లేచింది. బావగారి పిల్లలకూ మాకూ చెరొక ఫ్లాటు. మెట్లూ లిఫ్టూ కలిపి బిల్డరు ఎంత వైశాల్యం అంటే అంత. టేపు పట్టి చూసేవాళ్ళు లేరు, ఎక్కువతక్కువల మాటే రాదు. లిఫ్టులో ఎదురుపడితే రెండిళ్ళ పిల్లలూ నవ్వి, ఫోనులోకి తల వంచుకుంటారు. అలిగినా సరే, ఆ రోజుల్లో పక్కింటి పొయ్యి వెలిగిందో లేదో మాకు తెలిసేది.