ఎరుపు కనబడని ప్లేటు

1944 ఫిబ్రవరి 10, ఉదయం. బెజవాడ వన్ టౌన్‌లోని మా ఫోటో స్టూడియో. ఆ వేళ అక్కడ ఉన్నవాళ్ళు: ఉయ్యూరు నుంచి వచ్చిన రామలక్ష్మమ్మగారు, ఆవిడ కోడలు సుభద్ర, సుభద్ర పిల్లలు ముగ్గురు, అంటే ఎనిమిదేళ్ళ సత్యం, ఐదేళ్ళ కామాక్షి, ఏడాది నిండని పసివాడు, కెమెరా వెనక నేను. ఆ రోజు డైరీలో ఈ పేర్ల పక్కన ఆశ్చర్యార్థకం పెట్టుకున్నాను. లెక్కలాగా రాసుకునే నా డైరీల్లో ఆ గుర్తు అరుదు.

సుభద్ర భర్త సైన్యంలో చేరి అస్సాం వైపు వెళ్ళాడు. చిన్నవాణ్ణి ఇంకా చూడనే లేదు. పిల్లలతో ఫోటో తీయించుకుని పంపమని జాబు రాశాడట. యుద్ధం రోజులు కదా, ప్లేట్లు దొరకడం గగనంగా ఉండేది. ప్లేటంటే మందు పూసిన గాజు పలక. బొమ్మ దాని మీదే పడుతుంది. నా దగ్గర మిగిలింది ఆ ఒక్కటే! పైన అద్దాల కప్పులోంచి వచ్చే వెలుతురుతోనే తీసేవాళ్ళం గనుక ఎక్స్‌పోజర్, అంటే ప్లేటు మీద వెలుతురు పడనిచ్చే సమయం, రెండు సెకన్ల దాకా పట్టేది. ఆ కాసేపూ ఎవరు కదిలినా ప్లేటు పాడైనట్టే.

కామాక్షి మెట్లెక్కేటప్పుడే చెవులు మూసుకుని ఉంది. కింద వీధిలో తోపుడు బళ్ళ చప్పుడు, హమాలీల కేకలు ఆ పిల్లకు పడలేదు. లోపలికి రాగానే అద్దాల కప్పు వెలుతురుకు కళ్ళు గట్టిగా మూసేసుకుంది. నేను అలవాటుగా బుగ్గకు పౌడరు అద్దబోయాను. ఒక్క అరుపు అరిచి బల్ల కిందకు దూరింది.

“చెప్పకుండా ముట్టుకోకండి,” అంది సుభద్ర మెల్లగా. “ముందు చెప్పి, తరవాత ముట్టుకుంటే ఊరుకుంటుంది. కొత్తగుడ్డ ఒంటికి పడదు. పదిసార్లు ఉతికి మెత్తబడ్డాకే తొడుగుతాను. కుట్లు గుచ్చుకోకుండా జాకెట్టు తిరగేసి తొడుగుతాను.”

“ఆ, తిరగేసిన జాకెట్టు! ఊరంతా నవ్వుతోంది,” అంది రామలక్ష్మమ్మగారు. “పెరుగన్నంలో కరివేపాకు తగిలిందంటే కంచం తోసేస్తుంది నాయనా. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. ఒట్టి మొండిఘటం! సుభద్రా, ఈ పూటకి మగపిల్లలిద్దరితో కానిచ్చెయ్యి. మళ్ళీ బస్సు దొరకదు.”

“దీన్ని వదిలేసి ఫోటోనా అత్తయ్యా?” అంది సుభద్ర. “ముగ్గుర్లో ఇద్దరే కనబడితే ఆయన ఏమనుకుంటారు? పిల్లకేదో అయింది, దాస్తున్నారనుకోరూ? అంతదూరంలో ఆ గుబులుతో ఉండాలా?”

ఫోటోలో ఎవరున్నారో చూసుకోవడమే అప్పటిదాకా నాకు తెలుసు. లేని మనిషి కూడా ఫోటోలో కనబడుతుందని ఆ పూటే తెలిసింది.

ముందు మిగతావాళ్ళను కూర్చోబెట్టి ఫోకస్ చూద్దామని కెమెరా దగ్గరకు వెళ్ళాను. కెమెరా వెనక గాజు మీద బొమ్మ సరిగ్గా కనబడాలంటే చీకటి కావాలి. అందుకే తల మీద ఫోకసింగ్ క్లాత్ అనే బరువైన గుడ్డ కప్పుకుంటాం. నాది పైన నల్ల మఖమల్, లోపల ఎర్ర అస్తరు. గుడ్డ ఎత్తి తల దూర్చబోతే లోపల ఇంకో తల ఉంది!

కామాక్షి! బల్ల కిందనుంచి ఎప్పుడు వచ్చిందో, స్టూలెక్కి నిలబడి ఉంది. కళ్ళు విప్పార్చి గాజునే చూస్తోంది. ఆ గాజు మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది.

“నాయనమ్మ తలకిందులు!” అని కిలకిల నవ్వింది.

“ఏమిటే, నేనా?” అని రామలక్ష్మమ్మగారు లేవబోయింది. గాజులో ఆవిడ కిందికి లేచినట్టు కనబడింది కాబోలు, పిల్ల ఇంకా నవ్వింది. సత్యం కూడా నవ్వాడు. ఆ చీకటి, ఆ బరువు, చెంపకు లాక్కున్న మఖమల్ అంచు మెత్తదనం. పిల్ల ఒళ్ళు సడలిపోయింది. దిగి రమ్మంటే గుడ్డ లాక్కుని, మెడ దాకా చుట్టుకుని, తనే నడిచి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది!

ప్లేటు కోసం చెయ్యి చాచాను. ఇదే అదను!

“ఆగవయ్యా!” అని అరిచింది రామలక్ష్మమ్మగారు. “యుద్ధంలో ఉన్నవాడికి నల్లగుడ్డ కప్పిన పిల్ల ఫోటో పంపుతారా? అశుభం! సుభద్రా, ఆ గుడ్డ తియ్యవే!”

గుడ్డ తీస్తే పిల్ల మళ్ళీ బల్ల కిందే. సుభద్ర అత్తగారిని చూసింది, పిల్లను చూసింది. “అమ్మలూ, గుడ్డ తిప్పుతున్నాను. మెత్తటిది నీకే,” అని చెప్పి, ఇంట్లో రోజూ జాకెట్టు తిరగేసినట్టే ఆ గుడ్డను తిరగేసి కప్పింది. మఖమల్ పిల్ల ఒంటికి, ఎర్ర అస్తరు లోకానికి!

ముసలావిడ కొంగు సర్దుకుని కూర్చుంది. ఎరుపుకు వంక పెట్టడానికేముంది?

చిక్కు నాకొచ్చింది. “అమ్మా, ఒక మాటండీ. ఈ ప్లేటుకు ఎరుపు కనబడదు. అందుకే ఎర్ర దీపం పెట్టుకుని కడుగుతాం. ఎర్రటిదేదైనా ఫోటోలో నల్లగానే...”

“తియ్యవయ్యా బాబూ, పిల్ల కదలకముందే! నీ పాఠాలు తరవాత!” అంది రామలక్ష్మమ్మగారు.

నా గుడ్డ పిల్ల మీదుంది. నేల మీది జంఖానా లాగి తల మీద వేసుకున్నాను. దుమ్ముకు రెండు తుమ్ములొచ్చాయి. ఫోకస్ కుదిరింది. ప్లేటు పెట్టాను. “కామాక్షీ, ఇప్పుడు నువ్వు కూడా తలకిందులుగా ఉన్నావమ్మా,” అన్నాను. పిల్ల పెదాల మీదికి నవ్వొచ్చి అలా నిలిచిపోయింది. లెన్సు మూత తీశాను. సత్యం ఊపిరి బిగబట్టాడు. పసివాడు నోట్లో వేలు పెట్టుకుని అలాగే ఉన్నాడు. మూత పెట్టేశాను.

డార్క్ రూమ్‌లో ఎర్ర దీపం కింద అయిదుగురి ముఖాలూ ఒక్కొక్కటే తేలుతుంటే ఒంటరిగా చప్పట్లు కొట్టాను. ఒక్కరూ చెదరలేదు!

మర్నాడు పొద్దున్నే ఎండలో ప్రింటు తీశాను. ముందురోజు బస్సు తప్పిపోవడంతో రాత్రి బంధువులింట్లో ఉండి, బస్సు వేళకు ముందే వాళ్ళొచ్చారు. అనుకున్నట్టే గుడ్డ నల్లగా వచ్చింది. “రీటచింగ్ అని ఉంది, ప్లేటు మీద పెన్సిలుతో దిద్ది రంగు తేలిక చేస్తాను,” అన్నాను ముందే.

రామలక్ష్మమ్మగారు ఫోటో వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూసింది. తన నుదుటి మీద వేలు పెట్టింది.

“నా బొట్టూ నల్లగానే ఉందే.”

“ఎవరి బొట్టయినా అంతేనండీ.”

“బొట్టు నల్లగా పడిందని చెరిపేసుకుంటామా? అది ఎరుపని మావాడికి తెలీదూ? ఏం దిద్దొద్దు. వెనకాల మాత్రం ఒక ముక్క రాయి నాయనా: నీ కూతురు కప్పుకున్నది ఎర్రది, పిల్ల చల్లగా ఉంది.”

రాసిచ్చాను. ఆ తరవాత నా స్టూడియోలో ఏ పిల్ల ఏడ్చినా, మొండి అనే ముందు ఏది గుచ్చుకుంటోందో అడిగాను. చెప్పకుండా ఎవరికీ పౌడరు అద్దలేదు.

వాళ్ళను ఎక్కించడానికి బస్సు దాకా వెళ్ళాను. పెట్రోలు కరువు గనుక బొగ్గు గ్యాసుతో నడిపే ఆ బస్సు భళ్ళున స్టార్టయింది. కామాక్షి రెండు చెవులూ మూసుకుంది. రామలక్ష్మమ్మగారు తన దుప్పటి తీసింది. అంచు కుట్టు పైకి వచ్చేలా తిరగేసింది. వెంటనే కప్పలేదు. పిల్ల ముందు వంగి, “కప్పుతున్నానే కామాక్షీ,” అంది.