అటు తిరిగిన అంకుల్స్

ఎనభైల మొదట్లో, నాకు పదిహేనేళ్ళప్పుడు, మేము అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనోలో ఉండేవాళ్ళం. ఒక ఆదివారం మా చర్చిలో తెలుగు ఆరాధన ముగిశాక, కుండపోత వర్షంలో రత్నం ఆంటీ నన్నూ తమ్ముణ్ణీ తన కారులో ఇంటికి తీసుకువెళుతున్నారు. వాగు దాటే చోట ఇంజన్ ఆగిపోయింది. చూస్తుండగానే నీళ్ళు కిటికీ దాకా వచ్చేశాయి.

వెనక కార్లలో వస్తున్న చర్చి అంకుల్స్ ఒడ్డు నుంచి తాడు విసిరారు. వాళ్ళలో ఎవరికీ ఈత రాదు. స్కూల్లో ఈత నేర్చుకున్న తమ్ముడు కిటికీలోంచి దూకి తాడు అందుకున్నాడు. నేనూ బయటపడి కారు పట్టుకుని నిలబడ్డాను. ఆంటీ మాత్రం కదల్లేకపోయారు. కాళ్ళ దగ్గర ఆవిడ చీర తలుపు సందులో ఇరుక్కుంది. నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోవడం లేదు.

“ఆంటీ, చీర తీసెయ్యాలి. వేరే దారి లేదు,” అన్నాను.

“అంతమంది మగాళ్ళ ముందా? నా వల్ల కాదమ్మా. మీరు వెళ్ళిపోండి.”

నీళ్ళు ఆవిడ గొంతు దాకా వచ్చాయి. కారు పక్కకు జరుగుతోంది. పెద్దవాళ్ళ ముందు నోరు విప్పని నేను గొంతు చించుకుని అరిచాను.

“అంకుల్స్, అందరూ అటు తిరగండి. అటే చూస్తూ లాగండి.”

వాళ్ళు తాడు భుజాల మీద వేసుకుని వెనుదిరిగారు. నేను కిటికీలోంచి సగం లోపలికి దూరి, పిన్నులు పీకి, కుచ్చిళ్ళు లాగేశాను. తమ్ముడు ఆవిడ నడుముకు తాడు కట్టాడు.

మేము ఒడ్డు చేరేసరికి కారు కొట్టుకుపోయింది. ఎవరో తల తిప్పకుండానే తన కోటు వెనక్కి చాపారు.

నాలో అంత గొంతు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. కానీ ఇన్నేళ్ళయినా కళ్ళు మూసుకుంటే కనిపించేది వానలో తడుస్తున్న ఆ వీపుల వరసే. ఆంటీ కోటు గుండీలన్నీ పెట్టుకుని, “ఇక తిరగమని చెప్పమ్మా,” అనేదాకా ఒక్కరూ ఇటు తిరగలేదు.